వర్తకులకు ఆదర్శం ఇమామె ఆజమ్ (రహ్మ)

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి వెళితే అరకు లోయ వస్తుంది. ఆ కొండల్లో కొనుగోళ్లకు, అమ్మకాలకు వారపు సంతే పెద్ద దిక్కు. సంత రోజున తెల్లవారకముందే కొండవాలు గ్రామాల నుంచి గిరిజనులు బయలుదేరతారు. మగవాళ్ల భుజాన కావిళ్లు, ఆడవాళ్ల తలమీద బుట్టలు. పసుపు, అల్లం, మిరియాలు, చింతపండు, రాజ్మా, అడ్డాకులు సంతలో దించుతారు. అవి అమ్మగా వచ్చిన డబ్బుతో ఉప్పు, నూనె, ఎండుచేపలు, బట్టలు, గాజులు కొనుక్కుని పొద్దుగూకేలోగా తిరిగి కొండెక్కుతారు. వారికి ఎదురుగా కూర్చునేది మైదాన ప్రాంతాల నుంచి వచ్చిన చిన్న వర్తకులు. ఇలా సంతలు తిరిగి పొట్ట పోసుకునే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి.

ఆ సంతలో ఒక ధర్మసంకటం ఉంది. పట్నంలో పసుపు ఏ ధర పలుకుతోందో కొనేవానికి తెలుసు. బుట్ట దించిన తల్లికి తెలియకపోవచ్చు. ఇప్పుడు చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి, ధర వాకబు చేసుకునేవారూ పెరిగారు. అయినా మారుమూల గూడెం నుంచి నడిచి వచ్చినవారికి సాయంత్రంలోగా సరుకు అమ్ముకుని తీరవలసిన అవసరం ఉంటుంది. అటువంటి మనిషి తక్కువ ధర చెబితే ఏం చేయాలి? ఆమె అడిగినంతే ఇచ్చాను, ఇందులో నా తప్పేముంది అని మనసుకు సర్దిచెప్పుకోవచ్చా?

ఈ ప్రశ్నకు సుమారు 1300 ఏళ్ల క్రితమే కూఫా నగరంలోని ఒక బట్టల వర్తకుడు తన ఆచరణతో సమాధానం చెప్పారు. ఆయనే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ). నమాజు, రోజా, జకాత్ విషయాల్లో మనలో అత్యధికులు తరతరాలుగా ఆయన మార్గాన్నే అనుసరిస్తున్నాం. కాని ఆయన తన కొట్టును ఎలా నడిపారో మనలో ఎంతమందికి తెలుసు? ఈ వారం ఆ సంగతులనే పాఠకుల ముందుంచుతున్నాం.

ఆయన అసలు పేరు నోమాన్. తండ్రి పేరు సాబిత్. హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో ఇరాక్‌లోని కూఫాలో జన్మించారు. పూర్వీకులు పారశీక సంతతి వారు. ఇంటి వృత్తి వర్తకం. పట్టు, ఉన్ని కలిపి నేసే ఖజ్ అనే ఖరీదైన బట్టను వారు అమ్మేవారు. యువకుడైన నోమాన్ ధ్యాసంతా అంగడి మీదే ఉండేది. ఒకరోజు ఆయన బజారుకు వెళుతుండగా షాబీ అనే ప్రఖ్యాత పండితుడు పిలిచి, ఎవరి వద్దకు వెళుతున్నావని అడిగారు. నోమాన్ ఒక వర్తకుని పేరు చెప్పారు. తాను అడిగింది ఏ గురువు వద్ద చదువుకుంటున్నావనేనని షాబీ వివరించారు. చురుకైన బుద్ధి గలవాడివి, విద్యను నిర్లక్ష్యం చేయవద్దని హితవు పలికారు.

ఆ మాట నోమాన్ మనసులో నాటుకుంది. తరువాత ఆయన హమ్మాద్ అనే గురువు గారి వద్ద 18 ఏళ్లు శిష్యరికం చేశారు. హిజ్రీ 120లో గురువు గారు పరమపదించగా, ఆయన స్థానంలో కూర్చుని బోధించసాగారు. అంతటి పండితుడైన తరువాత కూడా ఆయన కొట్టు మూయలేదు. భాగస్వాములను కలుపుకుని వ్యాపారం సాగిస్తూనే వచ్చారు. మసీదులో చెప్పిన ధర్మం అంగట్లో నిలబడుతుందా లేదా అన్నది ఆయన జీవితంలో ప్రతిరోజూ జరిగిన పరీక్ష.

ఒకనాడు ఒక స్త్రీ పట్టుబట్ట తెచ్చి అమ్మజూపింది. నూరు దిర్హములు ఇమ్మంది. బట్ట చూసి ఇమామ్ గారు, దీని విలువ అంతకంటె ఎక్కువేనన్నారు. ఆమె మరో నూరు పెంచింది. ఇంకా ఎక్కువేనన్నారు. అలా నాలుగు వందల దాకా వచ్చింది. అప్పటికీ ఆయన అదే మాట అనేసరికి, తనను ఎగతాళి చేస్తున్నారనుకుని ఆమె నొచ్చుకుంది. విలువ తెలిసిన మనిషినొకరిని పిలుచుకు రమ్మని ఇమామ్ గారు ఆమెకు చెప్పారు. ఆ మనిషి వచ్చాడు. చివరకు ఆ బట్ట ఐదు వందలకు అమ్ముడుపోయింది.

అరకు సంతలోని ప్రశ్నకు ఇదే సమాధానం. ఎదుటివారికి ధర తెలియకపోవడం మన అదృష్టం కాదు. అది మన చేతిలో పెట్టిన అమానతు. నోరు విప్పకుండా ఉంటే ఆ రోజు ఇమామ్ గారికి నాలుగు వందల దిర్హములు మిగిలేవి. ఆయన నోరు విప్పారు.

అమ్మే విషయంలోనూ ఆయన తీరు అదే. ఒక వృద్ధురాలు వచ్చి, తాను బలహీనురాలినని, కొన్న ధరకే ఒక బట్ట ఇప్పించమని వేడుకుంది. నాలుగు దిర్హములకు తీసుకోమన్నారు. ముసలిదాన్ని పరిహసించవద్దని ఆమె అన్నది. అప్పుడు ఆయన లెక్క విప్పి చెప్పారు. తాను రెండు బట్టలు కలిపి కొన్నారు. ఒకటి అమ్మేసరికి రెండింటి అసలులో నాలుగు దిర్హములు తప్ప మిగతాదంతా వచ్చేసింది. కనుక రెండో బట్ట తనకు పడింది నాలుగు దిర్హములకే. కొన్న ధర అని నోటితో చెప్పి, దానిలో లాభం కలిపే వర్తకులు మనకు కొత్త కాదు. ఇమామ్ గారు తన లెక్కను కొనేవారి ముందు విప్పి పెట్టగలిగారు.

తాను నిజాయితీగా ఉండటం ఒక ఎత్తు, తన వద్ద పనిచేసేవారిని నిజాయితీగా నడిపించడం మరొక ఎత్తు. హఫ్స్ అనే భాగస్వామికి ఆయన ఒకసారి సరుకు పంపుతూ, అందులో ఫలానా బట్టలో లోపం ఉందని, కొనేవారికి ఆ సంగతి చెప్పి అమ్మమని ముందే తెలియజేశారు. హఫ్స్ ఆ మాట మరచిపోయి అమ్మేశారు. కొన్నవారెవరో తెలియరాలేదు. సంగతి తెలిసిన ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన డబ్బంతా దానం చేసివేశారు. యజమాని ఆ సొమ్మును పెట్టెలో వేసుకుని ఉంటే, మరచిపోవడం కూడా లాభమేనని పనివారు నేర్చుకునేవారు. ఆయన నష్టం భరించి మరో పాఠం నేర్పారు.

ఇక అప్పుల సంగతి. ఒకసారి ఇమామ్ గారు వీధిలో నడుస్తుండగా, ఎదురుగా వస్తున్న ఒకతను ఆయనను చూసి దారి మళ్లాడు. ఆయన పిలిచి కారణం అడిగారు. పదివేల దిర్హములు బాకీ ఉన్నానని, గడువు దాటిపోయిందని, ముఖం చూపలేక తప్పుకున్నానని అతను చెప్పాడు. ఇమామ్ గారు బాకీ మొత్తం మాఫీ చేశారు. అంతటితో ఆగక, తన మూలంగా అతని గుండెలో కలిగిన భయానికి తనను క్షమించమని కోరారు.

విశాఖ మన్యంలో సాహుకారు అప్పు ఎంత దూరం వెళ్లిందో చరిత్ర తెలిసినవారికి తెలుసు. తీసుకున్న కొద్దిపాటి సొమ్ముకు మనిషే వెట్టికి కుదిరే గొత్తి పద్ధతి అక్కడ ఉండేది. వెట్టిచాకిరిని నిర్మూలిస్తూ 1976లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అప్పిచ్చి మనిషిని కట్టివేయడం ఒక దారి. అప్పు మాఫీ చేసి అతని భయాన్ని కూడా తొలగించడం మరొక దారి. అందరికీ పదివేలు వదులుకునే శక్తి ఉండదు. కాని గడువు పొడిగించే శక్తి, పదిమందిలో నిలదీయకుండా ఉండే శక్తి చిన్న వర్తకునికీ ఉంటుంది.

వచ్చిన లాభాన్ని ఇమామ్ గారు ఏం చేశారు? ఏటా లాభం నుంచి పండితులకు, విద్యార్థులకు కావలసిన తిండి, బట్ట సమకూర్చేవారు. అబూ యూసుఫ్ అనే పేద బాలుణ్ణి ఇంటివారు చదువు మాన్పించి పనికి తీసుకువెళితే, ఇమామ్ గారు అతనికి డబ్బు సంచి ఇచ్చి, అయిపోగానే మళ్లీ ఇస్తూ చదివించారు. ఆ బాలుడే పెరిగి ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

సొంత సంపాదన ఉన్నందువల్లనే ఆయన పాలకుల ముందు తలవంచలేదు. ఉమయ్యాల కాలంలో ఇరాక్ పాలకుడు ఇబ్నె హుబైరా పదవి ఇవ్వజూపితే నిరాకరించి కొరడా దెబ్బలు తిన్నారు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ న్యాయమూర్తి పదవి స్వీకరించమని పట్టుబట్టినా ఒప్పుకోలేదు. అందుకు ఖైదు పాలై, హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బాగ్దాదులో కన్నుమూశారు. ఆయన సమాధి వల్లనే ఆ ప్రాంతానికి ఆజమియ్యా అన్న పేరు వచ్చింది.

మళ్లీ మన కొండలకు వద్దాం. సంతల్లో గిరిజనులకు జరిగే అన్యాయాన్ని అరికట్టే ఉద్దేశంతోనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అటవీ ఫలసాయాన్ని గిట్టుబాటు ధరకు కొని, నిత్యావసరాలను డిపోల ద్వారా అందించడం దాని పని. వర్తకులందరూ కూఫా వర్తకుని వలె ఉండి ఉంటే అటువంటి సంస్థ అవసరం ఎంత తగ్గేదో ఆలోచించండి. ఇక అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరే సరుకుకు విలువ తెచ్చింది. అటువంటి పేరు నిలవాలంటే పండించేవారి నుంచి అమ్మేవారి దాకా ఎవరూ కల్తీ చేయకూడదు. సంతలో చిన్న కొట్టుకైనా ఇదే సూత్రం. ప్రచారానికి డబ్బు పెట్టలేని వర్తకునికి కొన్నవారి నోటిమాటే ప్రచారం.

కనుక సంతకు వెళ్లే మన సోదరులు కొన్ని పనులు చేయవచ్చు. కాటాను అందరికీ కనిపించేలా పెట్టాలి. తూకంలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ పేరుతో ఒక సూరాయే ఉందని మరువరాదు. ఆనాటి పట్నం ధర ముందుగా చెప్పి, రవాణా ఖర్చు, తమ లాభం ఎంతో వివరించి సరుకు కొనాలి. చిరుగు, మరక ఉంటే అమ్మకముందే చూపాలి. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి కనిపిస్తే, దాన్ని పైన ఉంచనందుకు మందలించిన సంగతి మనకు తెలిసిందే. కొట్టులో కూర్చునే కుర్రవాడికి కూడా ఈ పద్ధతులే నేర్పాలి.

ఇలా చేస్తే ఒక సంతలో లాభం తగ్గవచ్చు. కాని బుట్ట దించిన తల్లి మరుసటి వారం నేరుగా మన దగ్గరికే వస్తుంది, తోడుగా పొరుగింటి ఆమెను తీసుకువస్తుంది. ఆమె రాకపోయినా, తీర్పుదినాన మన లెక్క తేలికగా ఉంటుంది. కొనడంలో, అమ్మడంలో ఇమామె ఆజమ్ (రహ్మ) నడిచిన బాటలో నడిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.