కైసరు ఎదుట ఫిలో

క్రీ.పూ. 20 ప్రాంతమున, ఐగుప్తులోని అలెక్సంద్రియ పట్టణమందు ఒక ధనిక యూదా కుటుంబములో ఫిలో జన్మించెను. ఆయన సహోదరుడు యెరూషలేము దేవాలయపు తొమ్మిది ద్వారములకు వెండి బంగారములు తాపడము చేయించిన శ్రీమంతుడు. ఫిలోకు మాత్రము ధనముకంటె ధర్మశాస్త్రమే ప్రియమైనది. దానిని గ్రీకులో చదివి, గ్రీకులోనే వ్యాఖ్యానములు వ్రాసెను.

మానవుడు దేవుని స్వరూపమందు సృజింపబడెననుట ఆయనను జీవితమంతయు వెంబడించిన తలంపు. ఆ స్వరూపము శరీరమునకు సంబంధించినది కాదనియు, దేవుని వాక్యమే ఆయన స్వరూపమనియు, మన మనస్సు ఆ వాక్యమునకు ప్రతిరూపమనియు బోధించెను. కాబట్టి నరుడు దేవుని పోలియుండగోరినయెడల అధికారములో కాదు, మేలు చేయుటలోనే పోలియుండవలెను. సమస్తమును తనదని యెంచుకొనువానికి కయీనును, దేవునిదని యెంచువానికి హేబెలును గురుతులుగా చూపెను. అబ్రాహాము స్వదేశమును విడిచినట్లు ప్రతివాడును మొదట దేహమును, ఇంద్రియములను, పిమ్మట తన్ను తానే విడిచి బయలుదేరవలెను. తన శూన్యత్వమును ఎరిగినవాడే ఉన్నవాడైన దేవుని ఎరుగును. ఇందులో గ్రీకు తత్త్వజ్ఞానపు వాసన కొంత ఎక్కువేయనియు, దేహమును ఆయన మరీ తగ్గించి చూచెననియు చెప్పక తప్పదు.

వృద్ధాప్యమందు ఈ బోధకు పరీక్ష వచ్చెను. క్రీ.శ. 37లో రోమా సింహాసనమెక్కిన గాయు కలిగుల తన్ను దేవుడని పూజింపుడనెను. ఓరుగల్లు కాకతీయుల వంశీకులమని చెప్పుకొనిన బస్తరు రాజులు సయితము దసరా ఉత్సవములో దంతేశ్వరికి పూజారులుగానే నిలిచిరి. ఈ కైసరు తానే వేల్పుననెను. 38లో అలెక్సంద్రియ జనులు అతని ప్రతిమలను యూదుల ప్రార్థనామందిరములలో నిలిపి, యూదులను ఒకే పేటలోనికి తరిమి, ఇండ్లు దోచుకొని, అనేకులను చంపిరి. అధిపతియైన ఫ్లాక్కసు 38 మంది పెద్దలను నాటకశాలలో కొరడాలతో కొట్టించెను.

ఏకాంత ధ్యానమును ప్రేమించిన ఫిలో, ఐదుగురు రాయబారులలో ఒకడై ఇటలీకి పోయెను. అక్కడ నుండగానే, యెరూషలేము దేవాలయములో తన ప్రతిమను నిలుపుడని కైసరు ఆజ్ఞాపించెనను వార్త వచ్చెను. విచారణ దినమున కైసరు తన ఉద్యానగృహములను పరీక్షించుచు గది వెంబడి గది తిరుగుచుండగా, రాయబారులు అతని వెనుక పరుగెత్తవలసివచ్చెను. తన్ను దేవుడని ఏల ఒప్పుకొనరని అడిగెను, పందిమాంసము ఏల తినరని అడిగెను, చుట్టునున్నవారు నవ్విరి. యూదులు తన కొరకు బలులర్పించిరిగాని తనకు అర్పింపలేదని తప్పుపట్టెను. ఆ ఒక్క భేదమునకే వారు తమ ప్రాణములను ఒడ్డియుండిరి. తుదకు, వీరు దుర్మార్గులు కారు, దౌర్భాగ్యులని తలంచి పంపివేసెను.

41 జనవరిలో గాయు తన అంగరక్షకుల చేతనే హతుడాయెను. తరువాత వచ్చిన క్లౌదియ, యూదులు తమ ఆచారముల చొప్పున నడుచుకొను హక్కును స్థిరపరచెను.

ఫిలో సహోదరుని కుమారుడు తిబెరి అలెగ్జాండరు మాత్రము పితరుల మతమును విడిచి, 70లో యెరూషలేమును ముట్టడించిన తీతు సైన్యములో ముఖ్యాధికారియాయెను. ఫిలో గ్రంథములను ప్రాచీన రబ్బీలు పేర్కొనలేదు. వాటిని నకళ్లు వ్రాసి భద్రపరచినది క్రైస్తవులే.