మైకేల్ ఫారడే

మాండొలిను గాని, గిటారు గాని నేడు వేలకొలది జనులకు వినబడవలెనన్న విద్యుచ్ఛక్తి తోడు కావలెను. తీగ కదలికను విద్యుత్తుగా మార్చు ఉపాయమునకును, ఆ విద్యుత్తులో వేరు రొద చేరకుండ కాపాడు ఉపాయమునకును మూలపురుషుడు ఒక పేద కమ్మరి కుమారుడు. ఆయనయే మైకేల్ ఫారడే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున జన్మించెను. తండ్రి జేమ్సు తరచు వ్యాధిపీడితుడగుటచే ఇంటిలో దారిద్ర్యము తాండవించుచుండెను. కరవు కాలమున ఒక్క రొట్టెతో ఆ బాలుడు వారము గడపవలసి వచ్చెను. చదువుట, వ్రాయుట, లెక్కించుట నేర్చునంతలోనే బడిచదువు ముగిసెను. పదునాలుగవ యేట అతడు జార్జి రీబో అను పుస్తకముల వర్తకునియొద్ద అట్టలు కట్టు పనిలో చేరెను. పుస్తకములకు అట్టలు కట్టుటతో తృప్తి పడక, వానిలోని పుటలను గూడ చదువుచుండెను. విద్యుత్తును గూర్చిన వ్యాసమొకటి అతని మనస్సును హరించెను.

1812లో సుప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడగు హంఫ్రీ డేవీ ఉపన్యాసములు నాలుగింటిని వినుభాగ్యము అతనికి లభించెను. విన్నదంతయు శ్రద్ధతో వ్రాసి, తన చేతులతో అట్ట కట్టి, ఆ గ్రంథమును డేవీకి పంపెను. మరుసటి యేడు మార్చి నెలలో రాయల్ ఇన్‌స్టిట్యూషనున సహాయకుని ఉద్యోగము దొరకెను.

విద్యుత్తు అయస్కాంతపు సూదిని కదల్చునని 1820లో అయిర్‌స్టెడ్ కనుగొనెను. అట్లయిన అయస్కాంతము విద్యుత్తును పుట్టింపలేదా యని ఫారడే ఆలోచించెను. పలుమారులు ప్రయత్నించి విఫలుడయ్యెను. అయినను పట్టు విడువలేదు. 1831 ఆగస్టు 29న ఒక ఇనుప కడియమునకు ఇరువైపుల రెండు తీగచుట్లు చుట్టెను. అవి ఒకదాని నొకటి తాకవు. మొదటి చుట్టుకు విద్యుత్తు కలిపినపుడును, తీసినపుడును రెండవ చుట్టు చెంతనున్న సూది కదలెను. నిలుకడగా ప్రవహించునపుడు కదలలేదు. మార్పే విద్యుత్తును పుట్టించునని ఆయన గ్రహించెను. 1836లో లోహపు తొడుగు గల పెద్ద గదిని నిర్మించి, దానికి తీవ్రమైన విద్యుత్తు నిచ్చి, తానే లోపల నిలిచి, లోనికి విద్యుత్ప్రభావము రాదని నిరూపించెను.

పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విద్యుత్ మాండొలినుపై కర్ణాటక సంగీతము వాయించి ప్రసిద్ధి కెక్కెను. అట్టి వాద్యములందు ఉక్కు తీగల క్రింద అయస్కాంతమును, తీగచుట్టును ఉండును. అందు పనిచేయునది ఫారడే సూత్రమే.

ఒకే వాద్యమును రెండు యాంప్లిఫయర్లతో వాయించువారు మీటలు గల చిన్న పెట్టెను కాలిచెంత నుంచుకొందురు. మన కొడంగల్ ఉత్సవ పందిరిలోనైనను, లండను వేదికపైనైనను అందలి చిక్కు ఒక్కటియే. రెండు యంత్రములకు వేర్వేరు ఎర్తు తీగలుండును. వాద్యపు తీగలు వానిని మరల కలుపుటచే ఒక వలయ మేర్పడును. సమీపమునందలి కరెంటు తీగల ప్రభావమున ఆ వలయములో విద్యుత్తు పుట్టి గుమ్మని రొద చేయును. దానిని మాన్పుటకు యంత్రపు ఎర్తు తీగను తెంపుట ప్రాణాపాయము, ఎన్నడును చేయరాదు. ఒక యంత్రమునకు పోవు మార్గమున ఫారడే కడియము వంటి చిన్న ట్రాన్స్‌ఫార్మరు నుంచిన చాలును. చుట్లు రెండును తాకవు గనుక వలయము తెగును. నాదము మాత్రము అయస్కాంత మార్గమున దాటిపోవును. పెట్టెను లోహముతో చేసినచో వెలుపలి రొద లోనికి చొరదు. రోగమును, మందును ఒకే సూత్రమునుండి పుట్టుట వింత గదా!

కీర్తి పెరిగినను ఫారడే మారలేదు. గణితము అంతగా రాకున్నను కుంగక, చేతితో చేసి, కంటితో చూచి సత్యము నెరిగెను. సర్ బిరుదమును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని నిరాకరించెను. బాలురకు శాస్త్రము బోధించుటయందు మాత్రము మిక్కిలి ప్రీతి చూపెను. 1867 ఆగస్టు 25న కన్నుమూసెను.

పేదరికము ఆయనను బడికి దూరము చేసెను గాని, చదువునకు దూరము చేయలేకపోయెను. చేతికి వచ్చిన పనిలోనే విద్యను వెదకికొన్నవానికి కొరత యుండదని ఆయన జీవితము చాటుచున్నది.