అడవికి రెండు తుపాకులు – కెన్నెత్ ఆండర్సన్

వేట కథలు చదివే అలవాటున్న మన సభ్యులకు కెన్నెత్ ఆండర్సన్ పేరు కొత్త కాదు. దక్షిణాదిలో మనిషి మరిగిన పులుల్నీ, చిరుతల్నీ వేటాడి ఆ అనుభవాలను పుస్తకాలుగా వ్రాసినవారు. ఆయన పుట్టింది తెలుగు నేల మీదనేననీ, మనలాగే నెల జీతం మీద బతికిన ఉద్యోగి అనీ మాత్రం చాలామందికి తెలియదు.

1910 మార్చి 8న సికింద్రాబాదు దగ్గర బొల్లారంలో జన్మించారు. స్కాట్లండు నుంచి వచ్చి తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన కుటుంబం. తండ్రి సైనికుల జీతాల లెక్కలు చూసే అధికారి. బెంగుళూరులో బిషప్ కాటన్ పాఠశాలలోనూ, సెయింట్ జోసఫ్ కళాశాలలోనూ చదివారు. లా చదవమని ఎడింబరో పంపితే మధ్యలోనే మానేసి తిరిగి వచ్చేశారు. తంతి తపాలా శాఖలో 15 ఏళ్ళు, ఆ తరువాత బెంగుళూరు విమాన కర్మాగారంలో ప్లానింగు విభాగానికి ఫ్యాక్టరీ మేనేజరుగానూ పనిచేశారు. అడవి సంగతులు ఉద్యోగానికి తోడుగానే నడిచాయి. పులి మన సెలవు చీటీ మంజూరయ్యేదాకా ఆగదు గనుక అది తేలికైన సంగతి కాదు.

అటువంటి మనిషి అడవికి ఏ తుపాకి పట్టుకుపోవాలి? ఇది చూడటానికి చిన్న ప్రశ్నే. ఒక్క అడవిలోనే యాభై కిలోల చిరుత ఉంటుంది, రెండు వందల కిలోల పెద్దపులి ఉంటుంది. ఎలుగుబంటి, అడవిదున్న, మదించిన ఏనుగు కూడా ఎదురు కావచ్చు. రాత్రి కూరకు అడవికోడి కావాలి. మహారాజులకైతే వెనుక పదిమంది పది తుపాకులు మోసేవారు. ఉద్యోగస్థుడు తన భుజాన మోయగలిగింది ఒకటి, మహా అయితే రెండు.

హిమాలయాల దిగువన వేటాడిన జిమ్ కార్బెట్ (ఆయనా రైల్వేలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసినవారే) ఈ ప్రశ్నకు రెండు రైఫిళ్ళతో జవాబు చెప్పుకున్నారు. ఒకటి .275 రిగ్బీ. తేలికైనది, గురి తప్పనిది. దాని గుండు 9 గ్రాములే. రెండోది .450/400 జెఫ్రీ జంట గొట్టాల తుపాకి. బరువెక్కువ, దాని గుండు 26 గ్రాములు. దూరానికి మొదటిది, మీదపడే మృగానికి రెండోది.

ఆండర్సన్ రెంటికీ మధ్యన ఉన్నదాన్ని ఎంచుకున్నారు. ఆయన రచనల్లో మాటిమాటికీ కనిపించే రైఫిల్ .405 వించెస్టర్, 1895 నమూనా. .405 అంటే గొట్టం కొలత అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన, సుమారు పది మిల్లీమీటర్లు. గుండు 19 గ్రాములు. మీట కిందికి లాగి పైకి నొక్కితే చాలు, భుజం మీద నుంచి దించకుండానే రెండో తూటా సిద్ధం. చీకట్లో మంచె మీద కూర్చున్నవాడికి ఆ రెండో తూటాయే ప్రాణం. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకు సింహాల కోసం పట్టుకెళ్ళిందీ ఈ రకమే. అయితే ఈ గుండు లావేగాని పొడవు తక్కువ. ఏనుగు తలలోని ఎముకను చీల్చుకుని లోతుకు పోవడంలో వెనుకబడుతుంది. రూజ్‌వెల్ట్ ఏనుగులకు వేరే పెద్ద తుపాకి తీసుకెళ్ళారు. ఆండర్సన్ పానపట్టి ఏనుగు వంటివాటిని కూడా ఎదుర్కొన్న మనిషి. ఆ ఎంపికలో కొంత సాహసం ఉందనే నా అభిప్రాయం.

రెండోది 12 బోరు తుపాకి. పౌను సీసంతో పన్నెండు గుండ్లు చేస్తే అందులో ఒకటి పట్టే గొట్టం కాబట్టి ఆ పేరు. కోడికి సన్న గుళ్ళు, చిరుతకు పెద్ద గుళ్ళు వేసుకోవచ్చు. ముప్పై గజాలు దాటితే మాత్రం నమ్మకం లేదు.

ఇంత లెక్క ఎందుకంటే, అసలు ప్రమాదం గురి తప్పడం కాదు, సగం తగలడం. ఆయన వ్రాసిన మనిషి మరిగిన మృగాల్లో కొన్నిటి వెనుక పాత గాయం ఉంది. జౌలగిరి ఆడపులి సంగతే చూడండి. ఒక యువ వేటగాడి గుండు భుజంలో దిగినా చావక తప్పించుకుపోయి, తరువాత మనుషుల మీద పడింది. పల్లెల్లో మందు కూరి, ఇనుప ముక్కలు దట్టించి పేల్చే నాటు తుపాకులు ఇంకా చేటు. మన నూజివీడు రసాల తోటలో రాత్రి కాపలా ఉన్నవాడికి అడవిపందిని బెదరగొడితే చాలు, చప్పుడుతో పని అయిపోతుంది. అదే చప్పుడు పులి కాలిలో రేకు ముక్కను దించితే అది జింకను పట్టలేదు. మనిషిని పట్టడం దానికి సులువు. ఆ పైన బలయ్యేది తుపాకి పేల్చినవాడు కాదు, కట్టెలకు పోయిన మరెవరో.

మన రాష్ట్రంలో ఆయన తిరిగిన చోట్లు అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ, రేణిగుంట దాటాక వచ్చే మామండూరు. చామల పులి కథ 1954లో వచ్చిన ఆయన తొలి పుస్తకంలో ఉంది. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కుగా ప్రకటించినది ఆ శేషాచలం అడవులనే. 1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ లెక్కల్లో ఆయన పేర చేరినవి మనిషి మరిగిన చిరుతలు 8, పులులు 7. ముప్పై ఏళ్ళ వేటకు ఇది పెద్ద అంకె కాదు. విజయనగరం విజ్జీ వంటి రాజుల వేట లెక్కలు వందల్లో చెబుతారు.

చివరి ఏళ్ళలో తుపాకి పక్కన పెట్టి కెమెరా పట్టారు. అడవులు తరిగిపోతున్నాయని అప్పటికే హెచ్చరిస్తూ వచ్చారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో పులుల రక్షణ పథకం వచ్చాయి. క్యాన్సరు సోకినా దేశం విడిచి వెళ్ళలేదు. 1974 ఆగస్టు 30న బెంగుళూరులో కన్నుమూశారు.