అందరి కళాశాల: రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో తెలుగునాట కళాశాల గడప త్రొక్కుట స్త్రీలకును, అస్పృశ్యులనబడిన వారికిని గగనకుసుమముగా నుండెను. ఆ తలుపులు వారికి తెరచిన మహనీయులలో అగ్రగణ్యులు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు.

నాయుడుగారు 1862లో మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి సైన్యమున సుబేదారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరుగారి శిష్యులై, పిదప బ్రహ్మసమాజ ధర్మమును జీవితసూత్రముగా గైకొనిరి. దైవమొక్కడేయని నమ్మినవారికి మనుష్యులలో హెచ్చుతగ్గు లెక్కడివి?

1904లో కాకినాడలోని పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి, 1919 వరకు దానిని నడపిరి. బాలురతోపాటు బాలికలును ఒకే తరగతిలో చదువుట అచ్చట వారి కాలముననే మొదలయ్యెను. అంటరానివారని దూరముంచిన కులముల బిడ్డలకును ప్రవేశము లభించెను.

అయినను, ప్రవేశమిచ్చినంతనే సమానత్వము సిద్ధింపదు. ఊరిలో అద్దెకు గది దొరకని వానికి, పూటకూళ్ళయింట విస్తరి వేయని వానికి తరగతిలో చోటు చూపిన నేమి ఫలము? ఈ సత్యము నెరిగిన నాయుడుగారు రాజావారి అండతో ఆ బిడ్డలకు వసతిగృహమును, దిక్కులేని పిల్లలకు అనాథశరణాలయమును ఏర్పరచిరి. చదువునకు ముందు నీడయు, అన్నమును కల్పించిరి.

1924లో ‘సర్’ బిరుదము వచ్చెను. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1939లో కాలధర్మము చెందిరి.

పదవులును బిరుదములును చరిత్రలో నిలుచును. కాని నాయుడుగారి నిజమైన కీర్తి కాకినాడ తరగతి గదులలోని ఆ క్రొత్త విద్యార్థులే. పట్టికలో పేరు వ్రాసికొనుటతో గురువు పని ముగియదు. ఆ శిష్యుడు రాత్రి ఎచ్చట తల దాచుకొనుచున్నాడో విచారించుటతో అది మొదలగును.