పాణిని – సూత్రాల కూర్పు

ఒకచోట చిన్న మార్పు చేస్తే మరోచోట పని చెడిపోవడం మీరు చూసే ఉంటారు. అలా చెడకుండా వేలకొద్దీ సూత్రాలను కూర్చిన పాణినిని గురించి తెలుసుకుందాం.

పాణిని క్రీ.పూ. 5-4 శతాబ్దాల వాడని పలువురు పండితుల అభిప్రాయం. తల్లి పేరు దాక్షి. స్వస్థలం గాంధారంలోని శలాతురం. అది నేటి పాకిస్తాన్‌లో ఉంది.

ఆయన రచించిన అష్టాధ్యాయిలో 8 అధ్యాయాలు, ఒక్కో అధ్యాయంలో 4 పాదాలు, మొత్తం సుమారు 4,000 సూత్రాలు ఉన్నాయి. ధాతువుల పట్టిక వేరుగా ఉంటుంది. సూత్రాలు దానిని వాడుకుంటాయి. చివరి 3 పాదాలు చేసే మార్పులు ముందు సూత్రాలకు కనిపించవు.

ఉదాహరణ చూడండి. రామ శబ్దానికి తృతీయా బహువచనం రామైః. రాజన్ శబ్దంలో నకారం పోతే రాజ మిగులుతుంది. కాని ఆ లోపం చివరి పాదాలలోనిది. ‘ఐః’ చేసే సూత్రం ముందుది కనుక దానికి నకారం ఇంకా ఉన్నట్లే. అందుకే రాజైః కాదు, రాజభిః.

నేటి కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఇటువంటి క్రమం అవసరం. బ్యాంకు ప్రోగ్రాములో ఖాతా ఒక ఆబ్జెక్టు. సొమ్ము బదిలీ చేసే సర్వీసు ఖాతాను వాడుకోవచ్చు. ఖాతా మాత్రం సర్వీసుపై ఆధారపడకూడదు. అప్పుడే సర్వీసును మార్చినా మీ ఖాతా లెక్క తప్పదు.

ఆలోచించండి: మీరు చేసే పనిలో ఏది దేనిపై ఆధారపడి ఉంది?