మిల్టన్ హ్యూమసన్

మిల్టన్ హ్యూమసన్ 1891లో అమెరికాలో జన్మించెను. పదునాలుగవ యేట బడి మానెను. కాలిఫోర్నియాలోని విల్సన్ కొండపై వేధశాల కట్టుచుండగా కంచరగాడిదలపై సామగ్రిని చేరవేయుచు జీవించెను. 1917లో అచటనే ఊడ్చు కొలువున చేరి, రాత్రులందు దూరదర్శినిని నడపుట నేర్చెను. వేధశాలాధ్యక్షుడగు హేలు 1919లో అతనిని శాస్త్రజ్ఞులలో చేర్చుకొనెను. చదువులేనివానికి ఆ పదవి యేలయని కొందరు గొణిగినను హేలు లెక్కింపలేదు.

హబుల్ పండితుడు గెలాక్సీల దూరములను లెక్కింపగా, హ్యూమసన్ వాని వేగములను కొలిచెను. ఒక మసక గెలాక్సీ వెలుగును పట్టుటకై అనేక రాత్రులు కలిపి ఫలకమును 33 గంటలు తెరచి యుంచెను. కొండచలిలో కన్నార్పక దూరదర్శినిని గురి తప్పకుండ నిలుపుట యెంత కష్టమో ఊహింపుడు! వర్ణపటమున రేఖలు ఎరుపువైపు జరిగియుండెను. దానినిబట్టి ఆ గెలాక్సీ సెకనునకు 3,779 కిలోమీటర్ల వేగమున తొలగిపోవుచున్నదని 1929లో తేల్చెను. దూరము హెచ్చినకొలది వేగమును హెచ్చుచుండెను. విశ్వము విస్తరించుచున్నదనుటకు ఇది గొప్ప ఆధారమయ్యెను.

1950లో స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయము ఆతనికి గౌరవ డాక్టరు పట్టమొసగెను. 1972లో ఆతడు దివంగతుడయ్యెను.