మోంటాఫోన్ లోయలో హెమింగ్వే

1924 డిసెంబరులో ఒక అమెరికన్ యువకుడు భార్యతోను, పద్నాలుగు నెలల పసివాడితోను పారిస్‌లో రైలెక్కి, స్విట్జర్లండ్ దాటి, ఆస్ట్రియా పశ్చిమపు కొసన ఉన్న ఫోరార్ల్‌బెర్గ్ రాష్ట్రంలో దిగాడు. బ్లూడెంట్స్ అనే పట్టణంలో పెద్దరైలు విడిచి, 1905 నుంచి నడుస్తున్న చిన్న విద్యుత్ రైలులో సుమారు 13 కిలోమీటర్లు మోంటాఫోన్ లోయలోనికి పోతే ష్రున్స్ అనే ఊరు వస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, చుట్టూ మంచుకొండలు. ఆ ఊళ్ళో టౌబె అనే హోటలు. జర్మన్ భాషలో ఆ మాటకు పావురమని అర్థం. ఎర్నెస్ట్ హెమింగ్వే ఆ పావురపు గూటిలో రెండు శీతకాలాలు గడిపాడు. కడుపూ మనసూ ఏకకాలంలో నిండిన రోజులు ఆయన జీవితంలో అంతగా మరెక్కడా కనిపించవు.

హెమింగ్వేది మామూలు ఆకలి కాదు. 1899లో షికాగో సమీపాన ఓక్ పార్కులో పుట్టిన ఆ వైద్యుని కొడుకుకు తండ్రి వేటనూ, చేపలు పట్టడాన్నీ చిన్ననాడే నేర్పాడు. 1918లో ఇటలీ యుద్ధరంగంలో రెడ్ క్రాస్ సేవలో ఉండగా ఫిరంగిగుండు ముక్కలు కాళ్ళలో దిగబడి, చావు తప్పి బయటపడ్డాడు. తిండినీ, నిద్రనూ, ఎండనూ, చలినీ అంత గాఢంగా అనుభవించే స్వభావం ఆ గాయంతో మరింత బలపడిందేమో. 1921లో తనకంటె ఎనిమిదేళ్ళు పెద్దదైన హాడ్లీ రిచర్డ్‌సన్‌ను పెళ్ళాడి, ఆ ఏడాది చివర పారిస్ చేరాడు. టొరాంటో పత్రికకు వార్తలు వ్రాస్తూ కథారచన సాధన చేశాడు. మరుసటి డిసెంబరులో హాడ్లీ ఆయన దగ్గరకు స్విట్జర్లండ్ వెళ్ళబోతూ ఉండగా, పారిస్ స్టేషన్‌లో వ్రాతప్రతుల పెట్టె దొంగలపాలైంది. అంతవరకు వ్రాసినదంతా దాదాపుగా పోయింది. కుమారుడు పుట్టిన తరువాత, 1924 నాటికి పత్రిక ఉద్యోగమూ విడిచి, కర్రకోత మిల్లు ఆవరణలోని వాటాలో కాపురం పెట్టాడు.

ఆనాటి దారిద్ర్యాన్ని, భోజనం మానిన పూటలను ఆయన వృద్ధాప్యంలో విపులంగా వర్ణించాడు. ఆ వర్ణనను కొంత తగ్గించి తీసుకోవడం మంచిది. హాడ్లీకి పెద్దలు విడిచిన సొమ్ముమీద ఆదాయం వస్తూ ఉండేది. అయినా లెక్క చూచుకొని నడుపుకోవలసిన సంసారమే. అట్టివారికి ఆస్ట్రియా పెన్నిధి అయింది. మొదటి ప్రపంచ సంగ్రామానంతరం ఆ దేశపు ద్రవ్యం కుప్పకూలింది. సరిగా ఆ 1924 డిసెంబరులోనే పదివేల క్రోనులకు ఒక షిల్లింగు చొప్పున కొత్త నాణేనికి చట్టం చేశారు. డాలరు చేతనున్న వానికి అక్కడ సమస్తమూ చవక. ముగ్గురికీ వసతీ భోజనమూ కలిపి రోజుకు సుమారు 2 డాలర్లే అయ్యేవని హెమింగ్వే జ్ఞాపకం.

ఆ భోజనాన్ని ఆయన ముప్పై ఏళ్ళకు పైగా మరచిపోలేదు. కుందేలు మాంసాన్ని ఎర్ర ద్రాక్షసారాలో చిక్కగా ఉడికించిన వంటకం ఒకనాడు, చెస్ట్‌నట్ కాయల గుజ్జుతో వడ్డించే లేడిమాంసం ఇంకొకనాడు. ఆ ఏటి తెల్లని ద్రాక్షసారా మామూలు పానీయం. వేటమాంసం వడ్డించిన రాత్రి మాత్రం కొంచెం ఎక్కువ ఖరీదైనా ఎర్రదే. ఇవిగాక లోయలోని చెర్రీ పండ్లనుంచి బట్టీ పట్టిన కిర్ష్, కొండలపై పెరిగే జెన్షియన్ మొక్క వేరునుంచి తీసిన చేదుసారా ఉండేవి. ఇది హోటలు తిండి. రైతుల ఇండ్లలో తినేది వేరు. మొక్కజొన్న రవ్వను ఉడికించి వెన్నతో పొడిపొడిగా వేపే రీబెల్ అక్కడి పేదవారి ప్రధానాహారం. చూపుకు మన ఉప్మాకు దాయాది వంటిది. వెన్న తీసిన పాలతో చేసే పుల్లని చీజు మోంటాఫోన్‌కే ప్రత్యేకం. పాలలోని వెన్నను అమ్ముకొని, మిగిలిన దానితో కడుపు నింపుకొన్న కొండజాతి పొదుపు ఆ చీజులో కనిపిస్తుంది. తమకు అంత చవకగా దొరికిన విందు ఆ ఊరివారి లేమినుంచి కూడా వచ్చినదేనన్న సంగతి పైనుంచి వచ్చిన అతిథులకు ఎంతవరకు తట్టిందో!

ఆ రుచికి సగం కారణం వంటవాడైతే సగం కారణం కొండ. పాదాలకు పొడవైన కర్రపలకలు తగిలించుకొని మంచుమీద జారే ఆటకు ఆనాడు అక్కడ మనుషులను పైకి లాగే తీగెబండ్లు లేవు. దిగదలచినంత ఎత్తు తన కాళ్ళతో ఎక్కవలసిందే. పలకల అడుగున సీలు తోలు పట్టీలు కట్టుకునేవారు. దాని వెంట్రుకలు ముందుకు జారనిస్తాయి, వెనుకకు జారనివ్వవు. వీపున మూటలతో లోయ పొడవునా నడచి, నడుమ ఒక పల్లెలో రాత్రి గడిపి, దాదాపు 2,000 మీటర్ల ఎత్తున సిల్వ్రెట్టా పర్వతాలలో ఉన్న మాడ్లెనర్ హౌస్ అనే బసకు చేరేవారు. ద్రాక్షసారా పీపాలు కూడా వీపులమీదనే ఎక్కేవి. ఆ బస దాపున తరువాతి కాలంలో ఆనకట్ట కట్టి పెద్ద జలాశయం నిర్మించారు గాని, ఆనాడది హిమానీనదాలకు ద్వారం. ఇంత చాకిరీ చేసినవానికి ఎండురొట్టె కూడా అమృతమే కదా.

వాల్టర్ లెంట్ అనే అతడు అక్కడ ఈ విద్య నేర్పేవాడు. అటువైపు కొండల్లో మంచుచరియలు విరిగిపడి పలువురు యాత్రికులు చనిపోయిన పిదప విద్యార్థులు రావడం తగ్గింది. హెమింగ్వే దంపతులు దాదాపు ఏకైక శిష్యులుగా మిగిలారు. ఏ మంచు ఎప్పుడు జారుతుందో, ఏ వాలుమీద కాలు పెట్టరాదో వారు శ్రద్ధగా నేర్చుకున్నారు. రాత్రిళ్ళు హోటలులో తలుపులు బిగించి పేకాట. జూదం నిషిద్ధమైన ఆ ఊళ్ళో హోటలు యజమాని, లెంట్, బ్యాంకు ఉద్యోగి, ప్రభుత్వ న్యాయవాది, పోలీసు అధికారి కూడ ఆడేవారు. గస్తీవారి అడుగుల చప్పుడు వినగానే ఆ అధికారియే చెవిదగ్గర వేలు పెట్టి అందరినీ ఊరుకోబెట్టేవాడట. గడ్డం పెంచి, కిర్ష్ త్రాగుతూ తిరిగే ఈ నల్లని పరదేశిని పల్లెజనం క్రీస్తుతో పోల్చి పరిహాసంగా చెప్పుకునేవారు.

రచన కూడ సాగింది. 1925 తొలినాళ్ళలో ఆయన ఆస్ట్రియాలో ఉండగానే, ఇన్ అవర్ టైమ్ అనే కథాసంపుటిని అచ్చువేస్తామని న్యూయార్కునుంచి తంతి వచ్చింది. అందులోని ఒక కథలో ఇద్దరు మిత్రులు స్విట్జర్లండ్‌లో మంచుమీద జారివచ్చి, సత్రంలో ద్రాక్షసారా త్రాగుతూ భక్ష్యం తింటారు. ఒకనికి బిడ్డ పుట్టబోతున్నది. ఇట్టి విహారాలు ఇక సాగుతాయా అనే బెంగ ఆ బల్లచుట్టూ తిరుగుతూ ఉంటుంది. 1925 చివర మళ్ళీ ష్రున్స్ చేరినప్పుడు ఆయన చేతిలో ది సన్ ఆల్సో రైజెస్ నవల తొలిప్రతి ఉన్నది. దానిని తిరగవ్రాసినది ఆ హోటలు గదిలోనే.

ఆ క్రిస్మస్‌కు అతిథిగా పాలీన్ ఫైఫర్ వచ్చింది. ధనిక కుటుంబీకురాలు, పారిస్‌లో ఫ్యాషన్ పత్రికలో పనిచేసేది, హాడ్లీకి స్నేహితురాలు. ముగ్గురూ ఒకే బల్లమీద తిన్నారు, ఒకే కొండమీద జారారు. 1926 ఫిబ్రవరిలో హెమింగ్వే న్యూయార్కు వెళ్ళి స్క్రిబ్నర్స్ సంస్థతో ఒప్పందం చేసుకొని, తిరుగుదారిలో ష్రున్స్ పోయే రైలెక్కక పారిస్‌లో పాలీన్ దగ్గర ఆగిపోయాడు. లోయలో హాడ్లీ పిల్లవానితో ఎదురుచూస్తున్నది. చివరకు రైలు ఆ ఊరి స్టేషన్‌లోనికి వస్తుంటే, పట్టాల పక్కన నిలిచిన భార్యను చూచి తన తప్పు ఎంతటిదో ఆయనకు తెలిసిందట. ఆ మార్చిలో జాన్ డాస్ పాసోస్, మర్ఫీ దంపతులు వచ్చారు, విందులు జరిగాయి, బల్లమీద వడ్డన మారలేదు. ఆగస్టులో దంపతులు విడిపోయారు. అక్టోబరులో నవల వెలువడింది. అంకితం హాడ్లీకీ, బిడ్డకూ. దాని ఆదాయం కూడ ఆమె పేరనే వ్రాసి ఇచ్చాడు. 1927లో విడాకులు ముగిసి పాలీన్‌తో వివాహం జరిగింది.

ఆ తరువాతి కీర్తి అందరూ ఎరిగినదే. 1954లో నోబెల్ బహుమానం వచ్చింది. అదే సంవత్సరం ఆఫ్రికాలో రెండు విమాన ప్రమాదాలు శరీరాన్ని కూల్చివేశాయి. ఎంత తిన్నా త్రాగినా అరిగించుకొన్న మనిషి వైద్యుల పథ్యానికి లోబడవలసి వచ్చింది. 1957 మొదలు ఆయన పారిస్ స్మృతులు వ్రాయసాగాడు. 1964లో భార్య మేరీ ప్రకటించిన ఎ మూవబుల్ ఫీస్ట్ గ్రంథంలో చివరి అధ్యాయం ష్రున్స్‌తోనే ముగుస్తుంది. సంసారం చెడినందుకు అందులో ధనికమిత్రులమీద నింద ఎక్కువగా మోపబడింది. 2009లో మనుమడు సిద్ధపరచిన మరొక కూర్పులో మాత్రం ఆయన తన దోషాన్ని మరింత సూటిగా ఒప్పుకొన్న భాగాలు ఉన్నాయి. ఆ కూర్పు వచ్చినది మంచిదయింది.

చివరి ఇల్లు కూడా మంచుకొండల మధ్యనే. ఐడహోలోని కెచమ్, సన్ వ్యాలీ అనే జారుడుక్రీడల విడిదిని ఆనుకొనే ఉంటుంది. 1961 వసంతంలో, స్మృతులు ఇంకా ముగింపు కుదరక చిక్కుపెడుతుండగా, ఆయన హాడ్లీకి ఫోను చేసి పారిస్ రోజులనాటి కొన్ని పేర్లు అడిగాడు. ఆ జులై 2న తుపాకితో తన ప్రాణం తీసుకున్నాడు. హాడ్లీ 1979 వరకు బ్రతికింది.